అంగన్‌వాడీ ప్రాక్టికల్: పిల్లల ఆటను ఎంతసేపు చూడాలి, ఎలా రాయాలి?

ఆదోని_హోమ్‌సైన్స్:
ఎమ్మెస్సీలో మానవ వికాసం, కుటుంబ అధ్యయనాలు నా సబ్జెక్టు. ఈ సెమిస్టర్ ప్రాక్టికల్‌కి ఆదోని దగ్గర ఒక పల్లె అంగన్‌వాడీలో 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు 20 మందిని గమనించి, పార్టెన్ అనే పరిశోధకురాలు చెప్పిన ఆరు రకాల ఆటల్లో (ఏ పనీ లేకపోవడం, ఒంటరి ఆట, పక్క నుంచి చూసే ఆన్‌లుకర్, పారలల్, అసోసియేటివ్, కోఆపరేటివ్) ఎవరు దేంట్లో ఎక్కువ ఉన్నారో రాయాలి. ఒక్కొక్కరిని ఎంతసేపు చూడాలి? పారలల్ ప్లేకీ అసోసియేటివ్ ప్లేకీ తేడా ఎలా పట్టుకోవాలి? ఇంకోటి, ఈ పల్లెల నుంచి చాలామంది పత్తికీ మిరప కోతలకీ గుంటూరు వైపు వలస పోతారు. అవ్వాతాతల దగ్గర ఉండిపోయిన పిల్లల మీద ఇదే పద్ధతితో డిసర్టేషన్ చేయొచ్చా?

కడప_లెక్చరర్:
పార్టెన్ 1932లో ప్రచురించిన పద్ధతే పట్టుకోండి. ఒక్కో బిడ్డను ఒక్క నిమిషం చూడాలి, ఆ నిమిషంలో ఎక్కువసేపు ఏ ఆటలో ఉంటే ఆ గడిలో ఒక్క గుర్తు పెట్టాలి. రాసుకోవడానికి అర నిమిషం వేసుకుంటే 20 మందికి ఒక రౌండు 30 నిమిషాల్లో అయిపోతుంది. రోజుకు ఒక రౌండు చాలు, మొత్తం 20 రౌండ్లు రావాలి. పేర్ల వరుస రోజూ మార్చాలి. మార్చకపోతే మొదట చూసిన పిల్లలు ఎప్పుడూ హుషారుగా, చివరివాళ్లు ఎప్పుడూ అలసిపోయి కనిపిస్తారు. అది పిల్లల గుణం కాదు, మీ వరుస తెచ్చిన తేడా.

ఇద్దరు పక్కపక్కనే కూర్చుని ఎవరి చింతపిక్కలు వాళ్లు పేర్చుకుంటూ ఉంటే పారలల్. పిక్కలు ఇచ్చిపుచ్చుకుంటూ మాట్లాడుకుంటున్నా, ఇద్దరికీ కలిపి ఒక పని లేకపోతే అసోసియేటివ్. బువ్వలాటలో ఒకరు అమ్మ, ఒకరు అంగడికి పోయేవాళ్లు అని పనులు పంచుకుంటే కోఆపరేటివ్. దగ్గర కూర్చోవడం చూసి నిర్ణయించొద్దు. వస్తువు చేతులు మారిందా, మాట అందుకున్నారా, పని పంచుకున్నారా అన్న మూడు ప్రశ్నలు షీటు పైనే రాసుకోండి.

టీచరు పాట పాడిస్తున్నప్పుడు ఈ ఆరు గడులు పనికిరావు, స్వేచ్ఛగా ఆడుకునే సమయమే కావాలి. ఆ రోజు బయట పెట్టిన ఆటవస్తువులు కూడా రాయాలి. బొమ్మలు తక్కువైతే పోట్లాటలు పెరుగుతాయి, లెక్క మారుతుంది. ఒంటరి ఆట ఎక్కువ ఉన్న బిడ్డను వెనకబడినట్టు రాసేస్తారు చాలామంది, అది తప్పు. అయిదేళ్ల పాప ఒక్కతే కూర్చుని ఇసుకలో గుడి కడుతుంటే ఆమె బుర్ర బాగా పనిచేస్తున్నట్టే. ఏ పనీ లేకుండా తిరగడం వేరు, ఒంటరిగా ఆడడం వేరు.

కనీసం నాలుగు రౌండ్లు తోటి విద్యార్థితో కలిసి చూడండి, ఒకరి షీటు మరొకరు చూడకుండా. నాలుగు రౌండ్లకు 80 గుర్తులు వస్తాయి, వాటిలో 68 కలిస్తే 85 శాతం. 80 శాతానికి తగ్గితే నిర్వచనాలు మళ్లీ కూర్చుని సరిచేసుకోవాలి. ఎక్కువ గుర్తులు ఒకే గడిలో పడితే శాతం దానంతటదే పెరుగుతుంది కాబట్టి కప్పా విలువ (యాదృచ్ఛికంగా కలిసినవి తీసేసి చెప్పే ఏకీభావం) కూడా కట్టండి.

పత్తికొండ_సూపర్‌వైజర్:
కాలేజీ లెటర్ తీసుకుని ముందు సీడీపీఓ (అంగన్‌వాడీలను చూసే ప్రాజెక్టు అధికారి) మేడమ్ దగ్గరికి పో తల్లీ, నేరుగా సెంటర్‌కు పోతే టీచరమ్మ ఇబ్బంది పడుతుంది. మొదటి రెండు రోజులు ఊరికే కూర్చో, ఆ లెక్క వేసుకోవద్దు. పిల్లోళ్లు కొత్త మనిషి చుట్టూ మూగుతారు. చాక్లెట్లు పంచితే మూడో రోజూ మూగుతారు. గోడకు ఆనుకుని, వాళ్ల ఎత్తులోనే కూర్చో. అన్నం టైముకు ముందే ముగించు.

వయసు చానా జాగ్రత్త. అవ్వలు చెప్పే వయసు కాదు, తల్లీబిడ్డ కార్డులో పుట్టిన తేదీ చూడాల. 18-09-2021న పుట్టిన బిడ్డను 05-02-2025న చూస్తే, నెలకు 30 రోజుల లెక్కన 3 సంవత్సరాల 4 నెలల 17 రోజులు. దీన్ని నాలుగేళ్లని రాస్తే పట్టికంతా తప్పే.

అనంత_పరిశోధన:
వలస అంశం చాలా విలువైనది, కానీ పోలిక కష్టం. తల్లిదండ్రులతో పాటు వెళ్లిపోయిన పిల్లలు మీకు దొరకరు. మిగిలినవాళ్లను వలస పోని ఇళ్ల పిల్లలతో పోలిస్తే పొలం, అప్పు, తల్లి చదువు అన్నీ మధ్యలో దూరతాయి. అందుకే జతలు కట్టండి: వయసులో మూడు నెలలకు మించి తేడా లేకుండా, ఆడపిల్లకు ఆడపిల్ల, తల్లి చదువు ఒకటే. వీలైతే వలసకు ముందొకసారి, వాళ్లు పోయాక ఒకసారి అదే బిడ్డను చూడండి, అదే బలమైన ఆధారం. బిడ్డ చుట్టూ ఉన్న పరిసరాలను పొరలుగా చెప్పే బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ చట్రంలో ఇది ఎక్సోసిస్టమ్ (బిడ్డ నేరుగా లేకపోయినా ప్రభావం చూపే పొర) కిందికి వస్తుంది: బిడ్డ గుంటూరు చేను చూడకపోయినా ఆ పని బిడ్డ రోజును మారుస్తుంది.

ఆదోని వైపు ఇళ్లలో కన్నడ, ఉర్దూ కూడా మాట్లాడతారు. తెలుగు రాని బిడ్డ మౌనంగా పక్కన నిలబడి ఆట చూస్తుంటే అది ఆన్‌లుకర్, ‘ఏ పనీ లేని’ గడిలో వేయొద్దు. ఇంటి భాష తప్పకుండా నమోదు చేయండి.

బిడ్డ రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలదో కొలిచే వైన్‌ల్యాండ్ స్కేలు వాడితే జవాబులు తల్లి చెప్పిందా, అవ్వ చెప్పిందా రాయాలి. ఎదుగుదలలో అనుమానం వస్తే మీరు పేరు పెట్టకండి, టీచరు ద్వారా ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందానికి చూపించండి. వాళ్లు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలి. లైంగిక వేధింపు సంగతి ఏ బిడ్డ నోట విన్నా దాచకూడదు, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలియజేయడం తప్పనిసరి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. సమ్మతి పత్రం రాసేటప్పుడే, మిగతావన్నీ గోప్యంగా ఉంచినా ఇది మాత్రం దాచలేమనే ఈ మినహాయింపు అవ్వాతాతలకు చదివి వినిపించండి.

ఆదోని_హోమ్‌సైన్స్:
ధన్యవాదాలండీ. బిడ్డ రాని రోజు గడిలో సున్నా వేయాలా?

కడప_లెక్చరర్:
వేయకండి, ఖాళీగా వదలండి. సున్నా అంటే వచ్చి కూడా ఆ ఆట ఆడలేదని అర్థం. ఒక్కో బిడ్డకు హాజరైన రౌండ్లను బట్టే శాతం కట్టండి. 20లో 12 రౌండ్లు కూడా లేని పిల్లలను విశ్లేషణ నుంచి తీసేసి, ఎంతమందిని ఎందుకు తీసేశారో రికార్డులో రాయండి. మీ ఊళ్లలో ఆ గైర్హాజరుకు వలసే కారణం కావచ్చు కాబట్టి ఆ పేర్లు విడిగా పెట్టుకోండి, డిసర్టేషన్‌కు అవసరమవుతాయి.