చెరువు పూడ్చి చిత్తడి పార్కు కడితే లెక్క సరిపోతుందా?

నీటికోడి: నిన్న వేరే చర్చలో ఒకరు "నగరంలో చెరువు పూడ్చక తప్పకపోతే పూడ్చండి, ఇంకోచోట చిత్తడి పార్కు కట్టండి, పక్షులకు ఏవైనా నీళ్లే కదా" అన్నారు. లండన్ వెట్‌ల్యాండ్ సెంటర్‌ని ఉదాహరణగా చూపించారు. అక్కడ చెరువేదీ పూడ్చలేదండీ. బార్న్స్‌లో పాతబడి పక్కన పెట్టేసిన నాలుగు కాంక్రీటు రిజర్వాయర్లుంటే, వాటిని కుంటలుగా, రెల్లు మడులుగా మార్చి 2000లో తెరిచారు. చలికాలంలో దిగే బాతుల వల్ల 2002లో చట్టపరమైన రక్షణ కూడా వచ్చింది. అక్కడ కాంక్రీటు పోయి బురద వచ్చింది, మీరు చెప్పేది దానికి రివర్స్.

లెక్కలమాస్టారు: అన్నది నేనే. మరి ఆ డబ్బెక్కడిది? ఆ స్థలంలో కొంత ఇళ్లకు ఇస్తేనే కదా వచ్చింది! బిల్డర్ లేకపోతే బాతులూ లేవు. పోనీ హాంకాంగ్ చూడండి, టిన్ షుయి వాయ్ కొత్త పట్టణం కోసం పోయిన చిత్తడి నేలకు బదులుగా కట్టిందే అక్కడి వెట్‌ల్యాండ్ పార్కు, 61 హెక్టార్లు. 2006 నుంచి నడుస్తోంది, పక్షులు వస్తున్నాయి.

నీటికోడి: వస్తాయి, ఎందుకు రావు? దగ్గర్లోనే మాయ్ పో అనే పాత చిత్తడి నేల ఉంది. నల్లమూతి తెడ్డుమూతి కొంగలు ఎప్పటినుంచో చలికాలం గడిపే చోటు అది. ఆ పక్కిల్లు లేకుండా అపార్ట్‌మెంట్ల మధ్య ఒంటరిగా కట్టి చూడండి.

బురదకాళ్లు: ఇలాంటి ఒక కుంటలో మూడేళ్లు వాలంటీర్‌గా జమ్ము కోశాను, కాబట్టి చెప్తున్నా. కట్టడం సులువే. ఏటా కొయ్యకపోతే జమ్ము నీళ్లన్నీ కప్పేస్తుంది, పూడిక తియ్యకపోతే కుంట మెల్లగా గట్టి నేలైపోతుంది. తూము దగ్గర నీటిమట్టం చూసుకోవడం ఇంకో టెన్షన్, ఉల్లంకి పిట్టలకు చీలమండ లోతు చాలు, మునిగి తినే బాతులకు అంతకంటే చాలా కావాలి. పాత చెరువు అడుగు బురదలో ఏళ్లుగా చేరిన విత్తనాలు, నత్తలు, పురుగుల గుడ్లు ఉంటాయి. వాటిని ఏ కాంట్రాక్టర్ తెచ్చి పోస్తాడు?

వంతెన: దోమల సంగతి?

బురదకాళ్లు: చేపలు, తూనీగ పిల్లలు ఉన్న నీళ్లలో తక్కువే. పాడుపెట్టిన కుంటలోనే గోల.

లెక్కలమాస్టారు: సరే, కొత్తది ముందే కట్టి, పక్షులు గూళ్లు పెట్టాక పాతది ముట్టుకుంటే ఒప్పుకుంటారా?

నీటికోడి: ఒప్పుకుంటా. కానీ అన్నేళ్లు ఆగే బిల్డర్‌ని ముందు మీరు చూపించండి.