ఆరావళి కొండల్లో సర్కారు తుమ్మను తీసేయాలా, ఉంచాలా?

గుర్గావ్ తెలుగోడు: మా ఇంటికి దగ్గర్లోనే ఆరావళి కొండలు. ఎటు చూసినా మన సర్కారు తుమ్మే. ఇక్కడ విలాయతీ కీకర్ అంటారు. మొత్తం తీసేసి ఆ కొండల సొంత చెట్లు పెంచాలని కొందరు, ఉన్న పచ్చదనం కూడా పోతుందని కొందరు. మీరేమంటారు?

కమలాపురం: తీయొద్దు. థార్ ఎడారి దుమ్ముకు అడ్డం ఆ కొండలే. నడి ఎండాకాలంలో వాటి మీద పచ్చగా నిలబడేది ఆ చెట్టే. 1877 ప్రాంతంలో దాని విత్తనాలు మొదట దిగింది మా కడప వైపే. కరువు ఏడాది మా పొయ్యి వెలిగింది దాంతోనే, మేకలు బతికింది దాని కాయలతోనే.

బయాలజీ టీచర్: కమలాపురం గారూ, పొయ్యి మాట నిజం, కాదనను. కానీ పచ్చగా ఉన్నదంతా అడవి కాదండీ. ఫరీదాబాద్ దగ్గర మాంగర్ బనీ అనే పాత అడవి చూశాను. అక్కడి బాబా మీద నమ్మకంతో ఊళ్లవాళ్లు కొమ్మ కూడా విరవరు. రాతి వాలు మీద ధవ్ చెట్లు, మన చిరుమానుకు దగ్గరి చుట్టాలు, కొమ్మలు వాల్చుకుని నిలబడ్డాయి. చలికాలం కదా, ఆకులు రాగిరంగులో ఉన్నాయి. చెట్టు కింద రాలిన ఆకులు కాలితో జరిపితే గడ్డి, పురుగులు, చిన్న మొక్కలు. అదే తుమ్మ కిందైతే కూర్చునే చోటే లేదు. ముళ్లు, ఎండు కాయలు, మళ్లీ తుమ్మ మొలకలే. దాని రాలిన ఆకుల్లోంచి దిగే రసాయనాలు పక్క మొక్కల్ని లేవనివ్వవు. ధవ్ గింజ మొలవడమే కష్టం, ఎక్కువగా వేరు పిలకలతోనే పాకుతుంది. ఒకచోట పోయిందంటే దానంతటది తిరిగి రాదు.

గుర్గావ్ తెలుగోడు: మరి చిరుతలు, దుమ్ములగొండ్లు పగలు దాక్కునేది ఆ పొదల్లోనే కదా? జేసీబీ పెడితే అవి ఎటు పోవాలి? నా టెన్షన్ అదే.

బయాలజీ టీచర్: జేసీబీ వద్దనే నేనూ అంటున్నా. మొదలు నరికితే వానలకు పది పిలకలు వేస్తుంది. పై కొమ్మలు మాత్రం కోసి, నేలకు ఎండ తగిలేలా చేసి, కింద ధవ్, మోదుగ నాటాలి. కొండ దిగువ ఇసుక నేలల్లో జమ్మి. అవి ఎదిగి నీడ కమ్మేకొద్దీ తుమ్మ తగ్గుతుంది. ఈలోగా జంతువులకు చాటూ ఉంటుంది.

కమలాపురం: సగం ఒప్పుకుంటా. కోసిన కొమ్మలు మాత్రం ఆ ఊరి ఆడవాళ్లకే ఊరికే ఇవ్వాలి. మా దగ్గర వేలం పెట్టి బొగ్గుల కాంట్రాక్టరుకు ఇచ్చేశారు. మా అమ్మ ఆ ఏడాదంతా పుల్లల కోసం రెండు మైళ్లు నడిచింది.