జూడీ షికాగో తరహా ఉబ్బెత్తు పళ్ళేలు: చైనా పెయింట్ కాల్చేటప్పుడు బీటలు రాకుండా ఎలా?

అమెరికన్ కళాకారిణి జూడీ షికాగో కళాకృతి ‘ది డిన్నర్ పార్టీ’ (1974–79)లో త్రికోణపు బల్ల మీద 39 పళ్ళేలు. వరస సాగేకొద్దీ బొమ్మ పళ్ళెం మీంచి పైకి లేస్తుంది. చదును పళ్ళెంతో పేచీ లేదు. ఉబ్బెత్తుదానికి మధ్యలో మందం, అంచు పలచన. వేడి సమంగా ఎక్కదు, దిగదు, బీట పడుతుంది. పైగా చైనా పెయింట్‌ని (కాల్చిన పింగాణీ మెరుపుపూత మీద వేసే రంగు) పొరపొరకీ 700–800 డిగ్రీల సెల్సియస్‌లో మళ్ళీ కాల్చాలి. (ఆడవాళ్ళ కాలక్షేపమని చిన్నచూపు చూసిన పని, ఆమె పట్టుబట్టి నేర్చుకున్నదీ అదే.)

మధ్యలో 2 సెంటీమీటర్లు, అంచున 6 మిల్లీమీటర్లున్న పోర్సెలిన్‌కి గంటకి ఎన్ని డిగ్రీలు పెంచాలి? చల్లారేటప్పుడు 573 డిగ్రీల దగ్గర (మట్టిలోని క్వార్ట్జ్ ఖనిజం ఒక్కసారిగా కుంచించుకునే వేడి) ఇంకా నెమ్మదించాలా? వెనక తొలిచి మందం సమం చేస్తే సరిపోతుందా? పదేపదే కాలిస్తే వెలిసే ఎరుపుని చివరి పొరకే ఉంచాలా? చేసి చూసినవాళ్ళు చెప్పండి.