అర్బానా-షాంపేన్‌లో ఐ-కార్డ్ దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు?

ఓరుగల్లు_పిల్ల:
ఈ ఫాల్ సెమిస్టర్‌కి ఇలినాయ్ యూనివర్సిటీ, అర్బానా-షాంపేన్‌కి ఎంఎస్ చేయడానికి వస్తున్నాను. వచ్చే ప్రతి మెయిల్‌లోనూ ఐ-కార్డ్ (యూనివర్సిటీ ఐడీ కార్డు) అంటున్నారు, లైబ్రరీకీ జిమ్‌కీ బస్సుకీ అన్నిటికీ అదేనట. మా కాలేజీలో ఐడీ కార్డంటే మెడలో లేకపోతే గేటు దగ్గర ఆపేయడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాలేదు. దీంట్లో డబ్బులు వేసుకోవాలా? బస్ పాస్ వేరే కొనాలా? ఇది ఉంటే పాస్‌పోర్ట్ రూమ్‌లో పెట్టేసి తిరగొచ్చా?

గ్రీన్‌స్ట్రీట్_సీనియర్:
బస్ పాస్ కొనకమ్మా. ఎంటీడీ, అంటే ఇక్కడి సిటీ బస్సుల డబ్బులు నీ సెమిస్టర్ ఫీజులోనే కట్టించుకుంటారు, కార్డు చూపించి ఎక్కేయడమే. క్యాంపస్‌లో ఐ-స్టాప్ అని ఉన్నచోట ఎక్కితే అది కూడా అడగరు, కానీ అపార్ట్‌మెంట్ దగ్గరి స్టాప్ అలాంటిది కాకపోవచ్చు, జనవరి చలిలో కార్డు మర్చిపోయి అక్కడ నిలబడితే తెలుస్తుంది. రాత్రిపూట సేఫ్‌రైడ్స్ అని ఎంటీడీ వాళ్లదే ఇంకో సర్వీసు ఉంది, దానికీ ఈ కార్డే. ఏఆర్‌సీ జిమ్, మెకిన్లీ హెల్త్ సెంటర్ కూడా అంతే, ఫీజు ఎలాగూ కడుతున్నావు కాబట్టి వాడుకో. మనవాళ్లు చాలామంది మెకిన్లీ సంగతే పట్టించుకోరు, జ్వరం వస్తే ఇంటినుంచి తెచ్చుకున్న డోలో వేసుకుని పడుకుంటారు.

కోడ్_కాఫీ:
డబ్బుల గురించి. ఇది డెబిట్ కార్డు కాదు. మీల్ ప్లాన్ తీసుకున్నా ఆ లెక్కంతా యూనివర్సిటీ సిస్టమ్‌లో నీ ఖాతాలో ఉంటుంది, కార్డు ఆ ఖాతాకి తాళంచెవి మాత్రమే. అందుకే కార్డు పోతే డబ్బులు పోయినట్టు కాదు, వెంటనే ఆన్‌లైన్‌లో పోయిందని చెప్పి ఆపించేస్తే చాలు. అపార్ట్‌మెంట్‌లో వండుకునేటట్టయితే అసలు మీల్ ప్లానే అక్కర్లేదు. కార్డు మీద 9 అంకెల యూఐఎన్, అంటే యూనివర్సిటీ నీకిచ్చే నంబర్ ఉంటుంది, అమెరికా ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబర్ కూడా 9 అంకెలే కాబట్టి ఫారాల్లో దానికి బదులు ఇది రాసేయకు. ఇంకొకటి, ట్యాగ్ తగిలించడానికి కార్డుకి రంధ్రం చేయకు, తలుపుల దగ్గర ట్యాప్ చేసే ఇలాంటి కార్డుల లోపల సన్నటి తీగ చుట్ట ఉంటుంది, అది తెగితే తలుపు తెరుచుకోదు. పగలు బిల్డింగుల్లోకి ఎవరైనా వెళ్లొచ్చు గానీ సీబెల్ సెంటర్ (కంప్యూటర్ సైన్స్ బిల్డింగ్) లాంటివి రాత్రయ్యాక కార్డుతోనే.

ఓరుగల్లు_పిల్ల:
థాంక్స్ అన్నా ఇద్దరికీ. మరి పాస్‌పోర్ట్? రూమ్మేట్ తన కార్డు ఇస్తే జిమ్‌కి వాడొచ్చా?

గ్రీన్‌స్ట్రీట్_సీనియర్:
రెండోదానికి ముందు చెప్తాను, వద్దు. ఒకరి కార్డు ఇంకొకరు వాడటం రూల్స్‌కి విరుద్ధం, ఫొటో ఉండేదే అందుకు.

పాస్‌పోర్ట్ విషయానికొస్తే, క్యాంపస్ దాటాక ఐ-కార్డ్‌కి పెద్దగా విలువ లేదు. డొమెస్టిక్ ఫ్లైట్ ఎక్కాలంటే ఎయిర్‌పోర్ట్‌లో తనిఖీ చేసే టీఎస్‌ఏ ఒప్పుకునే ఐడీల జాబితాలో స్టూడెంట్ కార్డు లేదు, మన పాస్‌పోర్ట్ ఉంది. బ్యాంక్ ఖాతాకీ పాస్‌పోర్టే తీసుకెళ్లు. రోజూ పాస్‌పోర్ట్ మోసుకుని తిరగడం టెన్షన్ అనిపిస్తే, వచ్చాక వీలు చూసుకుని ఇలినాయ్ స్టేట్ ఐడీకో డ్రైవింగ్ లైసెన్స్‌కో అప్లై చెయ్యి. పుట్టినతేదీ అడిగే చోట అదే చూపిస్తావు, ఐ-కార్డ్ చూపిస్తే కౌంటర్ దగ్గర నవ్వి వెనక్కిచ్చేస్తారు.