మేనమామ ప్లాటు రాసిస్తానంటున్నారు, టాక్స్ పడుతుందా?

హన్మకొండ అమ్మాయి: మా మేనమామకు పిల్లల్లేరు. 1996లో కొన్న ప్లాటు నా పేర గిఫ్ట్ డీడ్ చేస్తానంటున్నారు. ప్రభుత్వ విలువే 30 లక్షల పైన ఉంది. అదంతా నా ఆదాయంలో కలుస్తుందని ఆఫీసులో ఒకాయన భయపెట్టాడు. రెండు రోజుల్నుంచి ఒకటే టెన్షన్. ఎవరికైనా అనుభవం ఉందా?

గోదారి గట్టు: ధైర్యంగా తీసుకోండి. అమ్మానాన్నల తోడబుట్టినవాళ్లు ఇస్తే ఎంత విలువైనా ఇన్‌కం టాక్స్ లేదు. మా మేనత్త నాకు ఇల్లు ఇచ్చింది. తర్వాత ఐటీ వాళ్లు వివరాలు అడిగారు. చిక్కల్లా ఆవిడ నాన్నకు అక్క అని చూపించడం దగ్గరే వచ్చింది, పెళ్లయ్యాక ఇంటిపేరు మారింది కదా. ఇద్దరి పదో తరగతి సర్టిఫికెట్లలో తాతయ్య పేరు ఉండబట్టి బయటపడ్డాం. డీడ్‌లో బంధుత్వం స్పష్టంగా రాయించండి.

పాత సైకిల్: నాకు మాత్రం గట్టిగానే తగిలింది. మా పెదనాన్న కొడుకు నాకు చిన్నప్పట్నుంచీ అన్నయ్యే. చట్టానికి మాత్రం కాదట. 2021లో ఆయన ఇచ్చిన స్థలం స్టాంప్ విలువ (రిజిస్ట్రేషన్‌కు లెక్కేసే ప్రభుత్వ విలువ) 18 లక్షలు. 50 వేలు దాటితే దాటినంత వరకే టాక్స్ అనుకున్నా, మొత్తం 18 లక్షలూ నా ఆదాయంలో కలిపారు. నాది 30 శాతం స్లాబు, సెస్సుతో 5,61,600 కట్టాను. అదే స్థలం నా పెళ్లికి కానుకగా ఇచ్చి ఉంటే పైసా పడేది కాదని ఆడిటర్ అన్నాడు. పెళ్లయి అప్పటికే తొమ్మిదేళ్లు!

బందరు లడ్డు: మన వరసలు వేరు, ఐటీ వాళ్ల బంధువుల జాబితా వేరు. అక్క మొగుడు ‘బావ’ అయితే సరే, మేనమామ కొడుకు ‘బావ’ అయితే చెల్లదు. తోడల్లుడు ఇస్తే టాక్స్ లేదు. వియ్యంకుడు ఇస్తే ఉంది, ఎంత మర్యాద చేసినా సరే. ఇంకో తిరకాసు: మేనమామ మీకిస్తే టాక్స్ లేదు, మీరు మేనమామకిస్తే ఆయనకు పడుతుంది. ఎవరు పుచ్చుకుంటున్నారో వాళ్ల వైపు నుంచి చూడాలి.

హన్మకొండ అమ్మాయి: అమ్మయ్య! రిజిస్ట్రేషన్‌కు కూడా ఇదే జాబితానా?

గోదారి గట్టు: కాదు. స్టాంప్ డ్యూటీ రాయితీకి ‘కుటుంబం’ అంటే ఎవరో రాష్ట్ర నిబంధనల్లో వేరేగా ఉంటుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే కనుక్కోండి.

న్యూజెర్సీ నర్సయ్య: నాలా బయట ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. నాన్న రెండెకరాల పొలం నా పేర గిఫ్ట్ చేయబోయారు. ఎన్నారైలు సాగుభూమిని గిఫ్ట్‌గా తీసుకోకూడదు, అది ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధన. వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు. అందుకని వీలునామా రాశారు. ఇల్లూ ప్లాటూ అయితే నాన్న గిఫ్ట్ ఇవ్వొచ్చు.

పాత సైకిల్: మొక్కలు నాటుకోవడానికేనా ప్లాటు, లేక అమ్మే ఆలోచన ఉందా అమ్మాయ్? అమ్మితే మీ కొన్న ధర సున్నా కాదు, మామయ్య 1996లో పెట్టిన ధరే. లేదంటే 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు, కానీ ఆనాటి ప్రభుత్వ విలువ దాటకూడదు. ఆయన ఉంచుకున్న ఏళ్లూ మీ లెక్కలోకే వస్తాయి కాబట్టి లాంగ్ టర్మ్ (ఎక్కువ కాలం ఉంచుకున్న ఆస్తి) అవుతుంది, లాభం మీద టాక్స్ 12.5 శాతం. నాకేమో టాక్స్ కట్టిన 18 లక్షలే కొన్న ధర. అదొక్కటే ఊరట.

బందరు లడ్డు: ఇందాక రాయడం మరిచా. భార్య పేర ఇల్లు గిఫ్ట్ చేస్తే ఆమెకు టాక్స్ పడదు గానీ, అద్దె మాత్రం భర్త ఆదాయంలోనే చూపించాలి. కోడలికి ఇచ్చినా అంతే, అద్దె ఇచ్చిన మామగారి లెక్కలోకే పోతుంది. మా కాలనీలో సగం మందికి ఈ సంగతి తెలీదు.

హన్మకొండ అమ్మాయి: అమ్మే ఆలోచన ఇప్పుడైతే లేదు. మామయ్య 1996 నాటి దస్తావేజు కోసం ఇనప్పెట్టె వెతుకుతున్నారు. దొరక్కపోతే నకలుకు అప్లై చేస్తాం. నేను అమ్మ పదో తరగతి సర్టిఫికెట్ తీసి పెట్టాను. దాంట్లో తాతయ్య పేరులో ఒక అక్షరం తేడా ఉంది. దీనికేం చేయాలో కూడా ఎవరైనా చెప్పండి.