మొదటిసారి విశాఖ వచ్చే కుటుంబం బస్సును నమ్ముకోవచ్చా, కారు మాట్లాడుకోక తప్పదా?

సాలూరు వాసి:
పెద్దలందరికీ నమస్కారం. మే నెల రెండో వారంలో ఒక శనివారం రాత్రికి విశాఖపట్నం చేరుకుని, ఆది, సోమ, మంగళవారాలు అక్కడే ఉండి తిరిగి రావాలని అనుకుంటున్నాము. నేను, నా భార్య, పన్నెండేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ల మా అమ్మ, మొత్తం ఐదుగురం. నేను రెండుసార్లు ఆసుపత్రి పని మీద వచ్చి సాయంత్రానికే వెనుదిరిగాను తప్ప ఊరు చూసింది లేదు. మిగిలిన నలుగురికీ ఇదే మొదటి పెద్ద పట్టణం. బస్సుల్లో తిరిగితే సగం రోజు నిలబడటానికే సరిపోతుందని, మూడు రోజులకూ కారు మాట్లాడుకోవాలని మా మేనమామగారు అంటున్నారు. ఆ డబ్బు తిండికి పెడితే మూడు పూటలా కడుపునిండా తినవచ్చని మా తోడల్లుడి మాట. అమ్మకు మోకాళ్ల నొప్పి ఉంది. ఆమె కోరిక సింహాచలం అప్పన్న దర్శనం ఒక్కటే. పిల్లలకు సముద్రం, జలాంతర్గామి చూడాలని ఉంది. నాకు తాజా సముద్రపు చేపల కూర తినాలని ఉంది. తెలిసినవారు దారి చెప్పగలరు.

ద్వారకానగర్ పాతకాపు:
ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో బస్సు మీదే తిరుగుతున్నవాడిని కాబట్టి నా మాట బస్సు వైపే ఉంటుందని ముందే చెబుతున్నాను. మీరు సాలూరు నుంచి వచ్చి దిగేది ద్వారకా బస్ స్టేషన్‌లో. ఆ పేరు బోర్డు మీదే కనబడుతుంది, ఊళ్లో ఎవరిని అడిగినా కాంప్లెక్స్ అనే అంటారు. ఆ చుట్టుపక్కలే గది తీసుకుంటే ఊరు నాలుగు వైపులా వెళ్లే సిటీ బస్సులు నడిచి వెళ్లేంత దూరంలో ఉంటాయి. సింహాచలానికి 28 నంబరు వరుస బస్సులు, కైలాసగిరికి 10కె, రుషికొండ మీదుగా భీమిలికి 900కె ఉన్నాయి. పైగా 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద మీ అమ్మగారికి, ఇంటావిడకు, అమ్మాయికి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకు డబ్బు ఇవ్వనవసరం లేదు. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంటే చాలు. ఐదుగురిలో ఇద్దరికే టికెట్టు పడుతుంది.

ఒక్క మాట ప్రత్యేకంగా చెబుతాను. భీమిలి వెళ్లే 900కె ఎక్కినప్పుడు డ్రైవరు కూర్చునే వైపు కిటికీ పక్కన పిల్లలను కూర్చోబెట్టండి. సాగర్‌నగర్ దాటిన దగ్గర నుంచి కుడిచేతి వైపు సముద్రం, ఎడమ వైపు ఎర్రని కొండలు వెంట వస్తాయి. బస్సు కిటికీ ఎత్తులో ఉంటుంది కనుక గట్టుకు అవతల విరిగే కెరటం కూడా కనబడుతుంది. కారులో కూర్చున్నవారికి ఆ గట్టే ఎక్కువ కనబడుతుంది.

కారు వద్దనడానికి నాకు డబ్బు కంటే పెద్ద కారణం తిండి. రెండేళ్ల కిందట మా బావగారి కుటుంబం వచ్చి ఒక కారు మాట్లాడుకుంది. డ్రైవరు మర్యాదస్తుడే. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకు ఆకలేస్తోందంటే తనకు తెలిసిన మంచి హోటలు ఉందని ఊరి బయట ఒక చోట ఆపాడు. అక్కడ అతనికి భోజనం ఉచితం, వీళ్లకు బిల్లు రెట్టింపు, చేప ముక్కలో ఇంకా చల్లదనం పోలేదు. వాహనం ఎవరి చేతిలో ఉందో భోజనం కూడా వారి చేతిలోనే ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

పెదవాల్తేరు కోడలు:
పాతకాపు గారి అనుభవాన్ని కాదనను. కానీ ఆయన చెప్పినదంతా ఒంటరిగా తిరిగే మగవారికి సరిపోయే మాట. మే నెల విశాఖ ఎండ ఒక్క వేడితో పోదు, ఉక్కతో కలిసి వస్తుంది. మా అత్తగారికి కూడా మోకాళ్ల నొప్పే. గత వేసవిలో ఆవిడను బస్సులో తీసుకెళ్లిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆవిడ ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని, కుడి కాలు మొదటి మెట్టు మీద పెట్టి, రెండో కాలు పైకి లాక్కునేలోపే వెనుక నుంచి నలుగురు తోసుకుని ఎక్కారు, బస్సు కదిలింది. ఎవరినీ తప్పు పట్టలేను, అది ఆఫీసుల వేళ. స్త్రీలకు ఉచితం అయ్యాక నాలాంటి వారికి ఎంతో మేలు జరిగింది, అందువల్లే రద్దీ కూడా పెరిగింది. సీటు దొరుకుతుందన్న నమ్మకంతో ముసలావిడను బయలుదేరదీయడం న్యాయం కాదు.

అందుచేత సాలూరు వాసి గారు కారే మాట్లాడుకోవాలని నా అభిప్రాయం. హోటలు సంగతి అంటారా, ఎక్కడ ఆపాలో మీరే ముందు చెప్పి బేరం కుదుర్చుకోండి. డ్రైవరు మీద భయంతో అమ్మగారిని ఎండలో నిలబెట్టవద్దు.

గోపాలపట్నం మాస్టారు:
ఇద్దరూ మూడు రోజులను ఒకే ముద్దగా చూస్తున్నారు కాబట్టే వాదన తెగడం లేదని నాకు తోస్తోంది. ఈ ఊరు ఒక పక్క సముద్రానికి, ఇంకో పక్క కొండలకు మధ్య పొడవుగా సాగిన ఊరు. సింహాచలం ఒక దిక్కు, భీమిలి ఇంకో దిక్కు, ఊరి పాత భాగం మరో దిక్కు. ఒకే రోజు రెండు దిక్కులు పెట్టుకుంటే కారు ఉన్నా అలసటే. రోజుకు ఒక దిక్కు చొప్పున పెట్టుకుంటే ఏ పూటకు ఏ వాహనమో దానంతట అదే తేలుతుంది.

సింహాచలం నాకు దగ్గర కనుక దాని గురించి వివరంగా రాస్తాను. అమ్మగారి కోసం ఆ ఒక్క పూటకు ఆటోయో కారో మాట్లాడుకుని తెల్లవారుజామునే బయలుదేరండి. బస్సులోనే వచ్చినా, కొండ దిగువ నుంచి పైకి దేవస్థానం బస్సులు తిరుగుతాయి, మెట్ల మాట తలపెట్టనవసరం లేదు. మధ్యాహ్నం రాజభోగం, అంటే స్వామికి నైవేద్యం పెట్టే వేళకు దర్శనం కొంతసేపు ఆగుతుంది కాబట్టి పదిన్నరలోపు లోపలికి వెళ్లేలా చూసుకోండి. గుడిలోని కప్పస్తంభాన్ని మొక్కుకుని కౌగిలించుకోకుండా అమ్మగారు ఎలాగూ రారు, అక్కడ మరో వరుస ఉంటుంది, ఆ సమయం కూడా కలుపుకోండి. ఇంకొక హెచ్చరిక ఉంది. చందనపు పూత లేని స్వామి నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కరోజే, అక్షయ తృతీయ నాటి చందనోత్సవంలో. కొన్ని సంవత్సరాల్లో ఆ తిథి మే నెలలో వస్తుంది. మీరు వచ్చే వారంలో అది పడుతుందేమో పంచాంగం చూసుకోండి. పడితే ఆ జనంలోకి మోకాళ్ల నొప్పి ఉన్నవారిని తీసుకురావద్దని నా మనవి.

మీ ప్రణాళికలో ఇంకొక చిక్కు కనబడుతోంది. రామకృష్ణ బీచ్ (ఆర్కే బీచ్)లోని కుర్సురా జలాంతర్గామి మ్యూజియానికి, దానికి ఎదురుగా రోడ్డు అవతల ఉన్న టీయూ 142 విమాన మ్యూజియానికి సోమవారం సెలవు. పిల్లలు అంత దూరం వచ్చి తాళం చూసి వెళ్లకూడదు. కాబట్టి సోమవారం సింహాచలం పెట్టుకోండి, ఆదివారం కంటే కొండ మీద జనం కూడా తక్కువగా ఉంటారు. జలాంతర్గామిని మంగళవారం చూడండి. అన్నట్టు, లోపల గదికీ గదికీ మధ్య ఉన్నవి వంగి దాటవలసిన గుండ్రని ద్వారాలు. అమ్మగారు బయట చల్లగాలిలో కూర్చోవడమే మంచిది.

జాలరిపేట ఆడపడుచు:
బస్సు, కారు సంగతి మీరు తేల్చుకోండి. నేను చేపల గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే ఇంతవరకు ఎవరూ ఆ అన్నయ్యకు అసలు విషయం చెప్పలేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తీరంలో మరపడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిబంధన పెట్టారు, మా ఇళ్లలో దాన్ని గౌరవిస్తారు. మీరు వచ్చే వారానికి ఫిషింగ్ హార్బరులో పడవలన్నీ లంగరు వేసుకుని ఉంటాయి. ఇంజను లేని తెప్పల మీద దగ్గర్లో వేసిన వలలో పడిన నెత్తళ్లు, కవళ్లు వంటి చిన్న చేపలు కొద్దిగా వస్తాయి, అవి ఒడ్డునే అయిపోతాయి. ఆ రోజుల్లో ఏ హోటలువారైనా ఈ ఉదయమే పట్టిన కోనెం (వంజరం) అని వడ్డిస్తే, అది ఐసులో ఎన్నాళ్లు ఉందో ఒక్కసారి అడగండి. పాతకాపు గారి బావగారు తిన్న ముక్క కూడా అలాంటిదే అయి ఉంటుంది.

అందుకని మే నెలలో వచ్చేవారికి నేను చెప్పేది, సముద్రపు చేప మీద ఆశ పెట్టుకోకుండా చెరువు రొయ్యలు, కొర్రమేను, లేదా నాటుకోడి తినండి. వాటికి నిషేధంతో సంబంధం లేదు. నెత్తళ్ల వేపుడు దొరికితే మాత్రం వదలకండి. చేప చిన్నదైతే తాజాదనాన్ని దాచడం ఎవరి తరమూ కాదు, పొట్ట చిట్లి ఉంటే పాతదని చూడగానే తెలిసిపోతుంది.

ఇంకొక మాట, దీన్ని అందరూ వినాలి. ఆర్కే బీచ్‌లో పిల్లలను నీళ్లలోకి దింపవద్దు. అక్కడ ఒడ్డు మెల్లగా దిగదు, నాలుగడుగులు వేసేసరికి లోతు వస్తుంది, వెనక్కి వెళ్లే కెరటం కాళ్ల కింద ఇసుకను కోసుకుపోతుంది. మా వాళ్లు ఎంతమందిని పైకి లాగారో, ఎంతమందిని లాగలేకపోయారో నాకు తెలుసు. కాళ్లు తడుపుకోవాలంటే రుషికొండకు వెళ్లి, కాపలావారు ఉన్న చోట, వారు చెప్పిన హద్దులోనే ఉండండి.

ద్వారకానగర్ పాతకాపు:
జాలరిపేట చెల్లెమ్మ చెప్పిన మాట నాకు కూడా తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. పెదవాల్తేరు వారి మాటకు కూడా కొంత తగ్గుతాను. ఉదయం తొమ్మిది నుంచి పదిన్నర వరకు, సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర వరకు పెద్దవారితో బస్సు ఎక్కవద్దు. మధ్య వేళల్లో, అందులోనూ బస్సు బయలుదేరే చోటే ఎక్కితే సీటు దొరుకుతుంది, మెట్టు ఎక్కడానికి వ్యవధి ఉంటుంది. షేర్ ఆటోలు ఐదుగురికి సరిపడవు; ఇద్దరిని డ్రైవరు పక్కన ఇరికిస్తారు, పిల్లలతో అది వద్దు. మామూలు ఆటోలు ఇక్కడ మీటరు మీద నడవడం అరుదు కనుక, ఫోను యాప్‌లో ధర ఎంత చూపిస్తోందో చూసుకుని ఆ తర్వాత బేరం ఆడండి.

కానీ తిండి విషయంలో నా మాట మారదు. భోజనాన్ని ముందు నిర్ణయించుకుని, దానికి తగ్గట్టు వాహనం చూసుకోవాలి. ద్వారకానగర్‌లో కోచింగు సెంటర్ల పిల్లలను నమ్ముకుని బతికే మెస్సులు చాలా ఉన్నాయి. ఏడాది పొడవునా అదే పిల్లలు తినాలి కాబట్టి అక్కడ నూనె మాడదు, కారం హద్దు దాటదు. పన్నెండున్నరకు వెళితే పప్పు వేడిగా ఉంటుంది, వేపుడు కరకరలాడుతుంది. రెండున్నరకు వెళితే అవే గిన్నెలు అడుగంటి ఉంటాయి. ఉదయం టిఫిన్‌కు కూడా ఇదే సూత్రం. పెసరట్టు పెనం మీద నుంచి నేరుగా ప్లేటులోకి వచ్చే చోట నిలబడి తినండి, అల్లం పచ్చడి రెండోసారి అడగండి. బిరియాని కావాలంటే జగదాంబ జంక్షన్ దగ్గర ఆల్ఫా హోటలు ఈ ఊరి పాత పేరు. సాయంత్రం బీచ్‌లో ముంత మసాలా మీ ఎదురుగానే కలుపుతారు కనుక భయం లేదు, కోసి పెట్టి ఉంచిన పండ్ల ముక్కల జోలికి మాత్రం పోవద్దు.

పెదవాల్తేరు కోడలు:
మెస్సు మంచిదే, కానీ బల్లల దగ్గర లేచేవారి కోసం వెనుక నిలబడి ఎదురుచూడటం అత్తగారితో ఎంత ఇబ్బందో పాతకాపు గారికి తెలియదు. పన్నెండుకే వెళ్లండి, లేదా గదికి పార్సిల్ తెప్పించుకుని ఆవిడను ఫ్యాను కింద కూర్చోబెట్టి తినిపించండి. ఎండవేళ మూడు గంటలు గదిలో పడుకోవడాన్ని కూడా ప్రయాణంలో భాగంగా లెక్క వేసుకోండి. ఆ సీజన్లో వీధి మలుపుల్లో తాటిముంజెలు అమ్ముతారు, పిల్లలకు ఐస్‌క్రీం బదులు అవి పెట్టండి.

సాలూరు వాసి:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిషేధం ముగిశాక వద్దామని ఒక క్షణం అనుకున్నాను గానీ, అప్పటికి బడులు తెరిచేస్తారు. చేప కోసం పిల్లల బడి మాన్పించలేను. కాబట్టి మే నెలలోనే వస్తున్నాము. ఆదివారం పొద్దున కాంప్లెక్స్ దగ్గరే టిఫిన్ చేసి, 900కెలో రుషికొండ, భీమిలి చూసి, ఎండ ముదరకముందే వెనక్కి వస్తాము. సోమవారం తెల్లవారుజామున సింహాచలానికి ఒక్క పూటకు కారు; మా మేనమామగారి మాట కూడా నిలబడినట్టే. మంగళవారం జలాంతర్గామి చూశాక రాత్రి బస్సుకు ప్రయాణం. మాడుగుల హల్వా అక్కడే కొనుక్కుని ఇంటికి తెచ్చుకోవాలని అమ్మ ఇప్పుడే గుర్తు చేసింది. సముద్రపు చేపకు దసరా సెలవుల్లో నేనొక్కడినే వస్తాను. అప్పుడు హార్బరుకు ఎన్ని గంటలకు రావాలో చెల్లెమ్మ చెబితే సంతోషం.

జాలరిపేట ఆడపడుచు:
తెల్లవారకముందే రండి అన్నయ్యా, వేలం చీకటితోనే మొదలవుతుంది. చేతిలో చిల్లర, ఒక గట్టి సంచి ఉంచుకోండి. బేరం ఆడేముందు మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా తడిగా ఉంటేనే తీసుకోండి. కోనెం ముక్కలు మీరు చెప్పిన మందానికి అక్కడే కోసి ఇస్తారు, తల మాత్రం వదిలి రావద్దు, పులుసుకు అదే రుచి.