మొరాయించేది జడత్వ... భ్రామకమా, భ్రమకమా?

బ్రాడీపేట: ఇంటర్‌లో మా ఫిజిక్సు మాస్టారు బోర్డు మీద గిలక, దానికి చుట్టిన తాడు, తాడు కొసన బరువు గీసి ఒక మాట అనేవారు. "దిగేది బరువు, తిప్పేది తాడు, మొరాయించేది జడత్వ..." ఆ చివరి పదమే తేలడం లేదు. పుస్తకంలో జడత్వ భ్రామకం, అంటే తిరుగుడులో మార్పుకి వస్తువు ఎంత అడ్డం పడుతుందో చెప్పే కొలత. నా చెవిలో మాత్రం భ్రమకం అనే ఉంది.

సత్యనారాయణపురం: దీర్ఘమేనండీ. తిరిగేది భ్రమిస్తుంది, తిప్పేది భ్రామకం. గీత 18వ అధ్యాయం, 61వ శ్లోకం: "భ్రామయన్ సర్వభూతాని యంత్రారూఢాని మాయయా". యంత్రమెక్కించి తిప్పడం! ఇంకేం సాక్ష్యం కావాలి?

మంగళగిరి: నా పేచీ అక్కడే. బలభ్రామకం అంటే ఒప్పుకుంటా. తాడులోని తన్యతని, అంటే బిగువుని, గిలక వ్యాసార్ధంతో గుణిస్తే వచ్చేది అదే, గిలకని తిప్పేదీ అదే. జడత్వం తిప్పదు కదా, అడ్డం పడుతుంది. 2 కిలోల బిళ్ల గిలకకి 1 కిలో బరువు వేలాడదీయండి. ఇరుసు దగ్గర రాపిడి లేకుండా, తాడు జారకుండా ఉంటే బరువు స్వేచ్ఛగా పడేటప్పటి 9.8తో కాదు, 4.9 మీ/సె² త్వరణంతో దిగుతుంది. ఆ 2 కిలోలూ అంచునే ఉన్న చక్రమైతే 3.27కి పడిపోతుంది. ఇంతగా మొరాయించేదాన్ని "తిప్పేది" అంటే నాకు మింగుడుపడదు. మాస్టారు హ్రస్వం పలికారంటే తెలిసే పలికారు.

సత్యనారాయణపురం: పరిభాషలో భ్రామకం అంటే ఇరుసు నుంచి దూరాన్ని లెక్కలోకి తీసుకున్న రాశి. బలాన్ని దూరంతో ఒకసారి గుణిస్తాం, ద్రవ్యరాశిని రెండుసార్లు. ధాతువు దగ్గరే ఆగిపోతే ఎలా?

తెనాలి: హ్రస్వానికి నా సాక్ష్యం భ్రమరం. అది తనంతట తాను తిరుగుతుంది. పోతనగారి ప్రహ్లాదుడు "మందార మకరంద మాధుర్యమునఁ దేలు భ్రమరంబు" అనలేదా?

సత్యనారాయణపురం: "మధుపంబు వోవునే మదనములకు" అండీ. భ్రమరంబుకి గణం కుదురుతుంది, యతి చెడుతుంది. మధుపంబులో మకి మదనములలో మ.

తెనాలి: నిజమే, దిద్దుకున్నాను. మదనమంటే ఉమ్మెత్త అని తెలిసిన రోజు ఆ పాదం నాకు మళ్లీ కొత్తగా పుట్టింది. మందారం తాగిన నోటికి ఉమ్మెత్తా!

మంగళగిరి: ఆ సీసమంతా అంతేనండీ. "వినుతగుణశీల! మాటలు వేయు నేల" దగ్గరికి వచ్చేసరికి నాకు ప్రతిసారీ గొంతు పూడుకుపోతుంది.

బ్రాడీపేట: మా పెరట్లో గిలక బావి ఉండేది. తాడు వదిలేస్తే చేద గిర్రున దిగి నీళ్లని తాకేది. తాడు వదులయ్యాక కూడా గిలక ఇంకాసేపు తిరిగేది. అప్పుడు లాగే బరువు లేదు, బిగువు లేదు. మరి తిప్పింది ఏది?

సత్యనారాయణపురం: అదే, భ్రామకం!

మంగళగిరి: తిప్పడం కాదండీ అది, ఆగనివ్వకపోవడం.